ప్రవరుడి పసరూ, తుంగనాథ్ మంచూ

కొండకెళ్ళొచ్చిన వాళ్ళని మనవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "పైదాకా వెళ్ళారా?" వెళ్ళామంటే అడిగినవాళ్ళ ముఖం వెలుగుతుంది. లేదంటే "అయ్యో, అంతదూరం వెళ్ళీ!" అని ఒక నిట్టూర్పు. ఎన్నింటికి దిగారు, అందరూ కలిసే దిగారా, దిగేటప్పుడు ఎవరైనా పడ్డారా అని ఒక్కరూ అడగరు. పోయిన సంక్రాంతి సెలవుల్లో మేం ఆరుగురం ఉత్తరాఖండ్‌లోని తుంగనాథ్ దాకా మంచులో నడిచి, ఆ పైనున్న చంద్రశిల ఎక్కకుండా వెనక్కి వచ్చేశాం. అప్పటినుంచీ ఏ పెళ్ళికెళ్ళినా, ఏ పేరంటానికెళ్ళినా నాకు ఈ "అయ్యో" వినబడుతూనే ఉంది. పైకి నవ్వేసి ఊరుకుంటున్నాను గానీ, ఆ మాట మీద నాకు గట్టి అభ్యంతరమే ఉంది.

ఆరుగురం అంటే మావారు, నేను, ఇంజనీరింగ్ రెండో ఏడు చదివే మావాడు, తొమ్మిదో తరగతి మా అమ్మాయి, మా మరిది, మా తోడికోడలు. వీళ్ళలో రోజూ నడక అలవాటున్నది తోడికోడలికీ నాకే. మిగతావాళ్ళ నడక పార్కింగ్ దాకా.

తుంగనాథ్ గురించి తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. పంచ కేదారాల్లో అదొకటి. పాండవులకు చిక్కకుండా శివుడు ఎద్దు రూపంలో భూమిలోకి దిగిపోతే మూపురం కేదార్‌నాథ్‌లో, బాహువులు తుంగనాథ్‌లో, ముఖం రుద్రనాథ్‌లో, నాభి మధ్యమహేశ్వర్‌లో, జటలు కల్పేశ్వర్‌లో వెలిశాయని కథ. గుడి సుమారు 3,680 మీటర్ల ఎత్తులో ఉంటుంది. శివాలయాలన్నిటిలోకీ ఎత్తైనదని పేరు. కారు వెళ్ళే చోప్తా 2,700 మీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. అక్కణ్ణుంచి గుడికి నడక మూడున్నర, నాలుగు కిలోమీటర్లు. గుడి వెనక నుంచి ఇంకో కిలోమీటరున్నర ఎక్కితే చంద్రశిల, దాదాపు 4,000 మీటర్లు. పొద్దున బయల్దేరి సాయంత్రానికి దిగి రావచ్చు. అందుకే దీన్ని ఒక్కరోజు ట్రెక్ అంటారు.

ఆ "ఒక్కరోజు" అన్న మాటే అందర్నీ ముంచేది. బట్టలు సర్దేటప్పుడే మా మరిది తేల్చేశాడు. "నాలుగు కిలోమీటర్లే కదా వదినా! అలిపిరి మెట్లు ఎన్నిసార్లు ఎక్కలేదు మనం?" నిజమే, ఎక్కాం. అలిపిరి దారిలో మెట్లు 3,550, శ్రీవారి మెట్టులో 2,388. మోకాళ్ళు పట్టేసినా ఎక్కాం. కానీ అక్కడ అడుగు ఎక్కడ వెయ్యాలో మెట్టు చెబుతుంది. నెత్తిన పైకప్పు ఉంటుంది, దారిపొడుగునా నీళ్ళుంటాయి, పక్కన నడిచే వందమంది ఉంటారు. పైకి చేరాక దిగడానికి బస్సుంటుంది. ఇది ముఖ్యం. తిరుమల కొండ మనం ఎక్కుతాం గానీ దిగేది ఎక్కువమందిమి బస్సులోనే. అందుకే మన లెక్కలో కొండంటే ఎక్కడమే. దిగడం లెక్కలోకి రాదు.

తిరుమల కొండకి మొక్కుకుని వెళతాం కాబట్టి మధ్యలో ఆగిపోతే అపచారం. కాళ్ళు లాగినా, కళ్ళు తిరిగినా "స్వామే నడిపిస్తాడు" అనుకుని వెళ్ళిపోతాం. ఆ నమ్మకాన్ని నేనేమీ తక్కువ చెయ్యను, నాకూ ఉంది. కానీ ఆ మొక్కు పట్టుదలని తీసుకెళ్ళి మంచుకొండ మీద పెడితేనే ప్రమాదం. ఒక్క సంగతి చూడండి. మేం వెళ్ళేసరికి తుంగనాథ్‌లో దేవుడే లేడు! చలికాలం ముంచుకురాగానే, నవంబరు తొలి రోజుల్లో, గుడి తలుపులు మూసేస్తారు. ఉత్సవమూర్తిని డోలీలో పెట్టి, డోళ్ళు వాయించుకుంటూ కిందికి మక్కూమఠ్ అనే ఊరికి తీసుకొస్తారు. మళ్ళీ ఎండలొచ్చేదాకా పూజలన్నీ అక్కడే. కేదారనాథుడైతే ఊఖీమఠ్‌లో ఓంకారేశ్వరుడి గుడికి దిగి వస్తాడు. తరతరాలుగా మంచుతో కాపురం చేస్తున్నవాళ్ళు పెట్టుకున్న ఏర్పాటిది. దేవుడు కొండ మీద నిలబడలేక దిగొచ్చాడని ఆ ఊళ్ళో ఎవరూ అనుకోరు. ఎదురెళ్ళి హారతిస్తారు. దేవుడికే లేని నామోషీ మా మరిదికెందుకని నేను దారిలోనే అన్నాను. ఆయనకి నవ్వు రాలేదు.

సారి అనే ఊళ్ళో రాత్రి బస. తెల్లవారుజామున బయల్దేరితే చోప్తాకి రెండు మలుపుల ముందే డ్రైవరు బండి ఆపేశాడు. "పాలా" అన్నాడు. పాలు అంటున్నాడేమో, టీకి ఆపాడేమో అనుకుంది మా అమ్మాయి. రోడ్డు మీద రాత్రి గడ్డకట్టి అద్దంలా మెరిసే పలచటి మంచుని అక్కడివాళ్ళు పాలా అంటారట. చూడ్డానికి తడి రోడ్డులా ఉంటుంది, కాలు పెడితే ఆగదు. సాయంత్రం ఎండ పోగానే మళ్ళీ కడుతుందనీ, ఐదింటికల్లా బండి దగ్గర ఉండకపోతే ఆ రాత్రి కొండ దింపననీ తెగేసి చెప్పాడు. జీతమిచ్చే మనిషికి అలా చెప్పగలిగిన డ్రైవరంటే నాకు గౌరవం.

తెలుగు చదువుకున్నదాన్ని కనక ఈ మాట చెప్పకుండా ఉండలేను. మనకి తెల్లవారి గడ్డి మీద మెరిసేదీ మంచే, ధనుర్మాసంలో ముగ్గేస్తుంటే ఎదురిల్లు కనబడకుండా కమ్మేదీ మంచే, హిమాలయం మీద ఉన్నదీ మంచే. ఒకే మాట. మన ఊళ్ళకి అది చాలు. ఆరోజు కాలికింద ఎన్ని రకాల మంచు తగిలిందో చెప్పాలంటే మాత్రం నా బీఏ తెలుగు సరిపోలేదు. కింద చెట్ల నీడలో, నలుగురూ తొక్కి తొక్కి గట్టిపడిన మంచు, గచ్చులా ఉంటుంది, జారుతుంది. ఆ పైన బుగ్యాల్ అనే పచ్చికబయళ్ళ మీద, ఎవరూ తొక్కని మంచు, పొడి బియ్యప్పిండిలా ఉంటుంది, కాలు మోకాలిదాకా దిగబడుతుంది. దిగబడ్డ కాలు లాగి మళ్ళీ వెయ్యాలి. నాటు వేసే పొలంలో నడిచినట్టే గానీ, అది ఏటవాలు పొలం, అదీ ఊపిరందని చోట. మధ్యాహ్నానికి ఎండ తగిలి మెత్తబడ్డ మంచు ఇంకో రకం, బెల్లంపాకంలా బూటుకి అంటుకుపోతుంది.

సామాన్ల గురించి పెద్దగా చెప్పను. బూటు కింద తగిలించుకునే ఇనప పళ్ళ గొలుసులు, మోకాలి కింద కట్టుకునే గెయిటర్లు, చేతికర్రలు ఊళ్ళోనే అద్దెకి దొరుకుతాయి. నూలు బట్టలు, జీన్సు వద్దంటే వద్దు, తడిస్తే ఆరవు, ఒంట్లో వేడంతా లాగేస్తాయి. నల్ల కళ్ళద్దాలు షోకు కాదు, మంచు మీద పడి తిరిగొచ్చే ఎండకి కళ్ళు మండిపోతాయి. తెల్లవారుజామునే లేచి కలిపిన పులిహోర పదకొండింటికి చల్లబడి మెతుకు మెతుకూ చిట్లింది, ఎవరూ తినలేదు. సంక్రాంతి అరిసెల్లో నెయ్యి గడ్డకట్టి పళ్ళతో పోరాటమైంది. ఖర్జూరాలూ నువ్వుండలూ మాత్రం ఖర్చయ్యాయి. ఆడవాళ్ళకి ఇంకో మాట: దారిలో మరుగుదొడ్డి ఉంటుందని ఆశపెట్టుకోకండి. అందుకని నీళ్ళు తాగడం మానెయ్యకండి. ఆ ఎత్తులో నీళ్ళు తాగకపోతే తలనొప్పి ఇంకా త్వరగా వస్తుంది. ఇద్దరు ఆడవాళ్ళు శాలువా పట్టుకుంటే మూడో మనిషికి గది తయారు.

నాకు ఆరోజు అన్నిటికంటే నచ్చింది మా గైడు మమ్మల్ని నిలబెట్టిన వరస. పాతికేళ్ళ కుర్రాడు. వాళ్ళ నాన్నదీ ఇదే పనట. పదడుగులు అందరి నడకా చూసి, అందరికంటే నెమ్మదిగా నడిచే మా అమ్మాయిని తన వెనకే పెట్టుకున్నాడు. ఆమె వెనక నేను. గబగబా నడిచే మా మరిదినీ, మావాణ్ణీ వెనక్కి తోశాడు. చిట్టచివర మావారు. మన ఇళ్ళలో నడక దీనికి సరిగ్గా తలకిందులు కదా! ముందు మగవాళ్ళు, వాళ్ళ వెనక పిల్లలు, గ్యాస్ కట్టేసి, గొళ్ళెం పెట్టి, తాళం లాగి చూసుకుని, సంచీ మోసుకుంటూ ఆఖర్న ఇల్లాలు. ముందువాళ్ళు మలుపు దగ్గర ఆగి "ఇంకా రాలేదేం" అంటారు. మనం చేరుకోగానే వాళ్ళు బయల్దేరతారు. అంటే వాళ్ళకి విశ్రాంతి దొరుకుతుంది, ఆఖర్నున్న మనిషికి ఎప్పటికీ దొరకదు. నెమ్మదివాళ్ళు ముందుంటే ఆ గొడవే లేదు. మా మరిది అరగంట సణిగాడు, ఆ తర్వాత ఆయాసం వచ్చి ఊరుకున్నాడు.

ఆయాసం రాకేం? 3,680 మీటర్ల దగ్గర గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉండేదానిలో మూడింట రెండు వంతులకంటే తక్కువే. ఒక్కో గుక్కలో అందే ప్రాణవాయువూ అంతే తగ్గుతుంది. వంటింటి భాషలో చెప్పాలంటే, చోప్తా దగ్గరే నీళ్ళు సుమారు 91 డిగ్రీలకి మరిగిపోతాయి, అందుకే అక్కడ ధాబావాడు కుక్కరు లేకుండా పప్పు జోలికి పోడు. పప్పే ఉడకని చోట మన ఒళ్ళు మామూలుగా ఉంటుందని ఎలా అనుకుంటాం? హైదరాబాదు ఎత్తు 540 మీటర్లు. అక్కణ్ణుంచి మూడు రోజుల్లో ఇంత పైకి వచ్చాం. 2,500 మీటర్లు దాటితే ఎవరికైనా ఎత్తు పడకపోవచ్చు. తలనొప్పి, వికారం, ఆకలి చచ్చిపోవడం, తూలు. వయసూ, బలమూ చూసి రాదది. కసరత్తు చేసే కుర్రాడికి వచ్చి, పక్కనున్న ముసలమ్మకి రాకపోవచ్చు. వచ్చినప్పుడు పాటించే సూత్రం ఒక్కటే: ఇంక ఒక్క అడుగు పైకి వెయ్యకూడదు. ఎక్కువయ్యేట్టుంటే కిందికి దిగిపోవాలి.

ఇక్కడ మా ప్రవరుణ్ణి తలుచుకోవాలి. డిగ్రీలో మనుచరిత్ర చదివినవాళ్ళందరికీ వరూధిని గుర్తుంటుంది. పాఠం చెప్పే మాష్టార్లు కూడా అక్కడికి రాగానే హుషారవుతారు. నాకు మాత్రం ఈ కొండెక్కిన దగ్గర్నుంచి పసరే గుర్తొస్తోంది. ఆలోచిస్తే మన సాహిత్యంలో ఒక్కరోజు మంచుకొండ ట్రెక్ చేసిన పెద్దమనిషి ప్రవరాఖ్యుడే కదా! ఇల్లూ, అగ్నిహోత్రమూ వదలని గృహస్థు. సిద్ధుడిచ్చిన పసరు కాళ్ళకి రాసుకుని, ఇలా వెళ్ళి అలా వచ్చేద్దామని హిమాలయానికి వెళ్ళాడు. చూడవలసినవన్నీ చూశాడు. తీరా ఇంటికి బయల్దేరదామనుకునేసరికి మంచునీళ్ళకి కాళ్ళ పసరు కరిగిపోయింది. వెళ్ళడానికి ఉన్న ఉపాయం రావడానికి లేదు. పెద్దన ఎంత గడుసువాడో చూడండి. కథ నడవడానికి పులినో పామునో తేలేదు, కాళ్ళకింద మంచే చాలనుకున్నాడు. ప్రవరుణ్ణి అగ్నిదేవుడు ఇల్లు చేర్చాడు, ఎందుకంటే ఆయన నిష్ఠ అలాంటిది. మనలాంటివాళ్ళకి పసరంటే కాళ్ళల్లో సత్తువ, పగటి వెలుతురు, వాతావరణం. మూడూ పొద్దున ఉన్నట్టు మధ్యాహ్నం ఉండవు.

గుడి దగ్గరికి చేరేసరికి పన్నెండున్నర. ఐదు గంటలు పట్టింది. నందీశ్వరుడి మీద మూపురం ఏదో మంచు ఏదో తెలియకుండా ఉంది. మూసిన తలుపుల ముందే దణ్ణం పెట్టుకున్నాం. ఎదురుగా చౌఖంబా శిఖరాలు. వాటి గురించి రాయడం మొదలుపెడితే ఈ వ్యాసం ఇంకెటో పోతుంది, వదిలేస్తున్నా.

ఒంటిగంటకి ఎక్కడుంటే అక్కణ్ణుంచి దిగడమేనని గైడు పొద్దున్నే చెప్పాడు. అందరం తలూపాం. అక్కడికొచ్చాక చూస్తే, నువ్వుండ చేతికిస్తే మా అమ్మాయి వద్దంది. నువ్వుండ వద్దనే పిల్ల కాదది. అడిగితే అరగంట నుంచి తలనొప్పంది. "ఇంకో అరగంట కూర్చుంటే తగ్గిపోతుంది" అన్నాడు మా మరిది. "మేం పైకి వెళ్ళొచ్చేదాకా మీరిక్కడే ఉండండమ్మా, నేనూ బాబాయీ వెళ్ళొస్తాం" అన్నాడు మావాడు. పైన శిఖరం కనబడుతూనే ఉంది మరి. చెయ్యి చాస్తే అందేట్టుంది.

నేను వేసిన లెక్క ఇది. ఆ మంచులో చంద్రశిల చేరడానికి రెండు గంటలు, తిరిగి గుడికి గంట. అంటే నాలుగు దగ్గరవుతుంది. అక్కణ్ణుంచి చోప్తాకి మూడు గంటలు. జనవరిలో ఐదున్నర దాటిన కాసేపటికే అక్కడ సూర్యుడుండడు. అంటే గంటా గంటన్నర చీకట్లో, మళ్ళీ గడ్డకట్టే మంచు మీద నడక, ఆపైన పాలా కట్టిన రోడ్డు. ఇదేమీ గొప్ప తెలివి కాదు. ఒంటిగంటకి విస్తరి వెయ్యాలంటే పన్నెండింటికి పులుసు దిగాలి, పదకొండింటికి కూరలు తరగాలి, పదింటికి పప్పు నానాలి. ముహూర్తం నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ రావడం ఆడవాళ్ళకి పుట్టినప్పట్నుంచీ అలవాటు. మగవాళ్ళు బయల్దేరిన టైము నుంచి ముందుకి లెక్కేస్తారు, అందుకే వాళ్ళ లెక్కలో ఎప్పుడూ బోలెడు టైముంటుంది.

ఇద్దరు పైకి, నలుగురు కిందికి అన్న ఏర్పాటుకి ఇంకో అడ్డం ఉంది. గైడు ఒక్కడే. పైకి వెళ్ళేవాళ్ళతో వెళ్ళాలా, తలనొప్పి పిల్లతో ఉండాలా? నేను "అందరం దిగుదాం" అన్నాను. మా మరిది "వదిన భయపడుతోంది" అని నవ్వాడు. ఇళ్ళల్లో ఇది మహా సుళువైన ఆయుధం. ఆడది లెక్క చెప్పినా భయమే, జాగ్రత్త చెప్పినా భయమే. మావారు ఏమీ మాట్లాడకుండా చేతికర్రలు తీసుకుని మంచు దులిపారు. "ఒరేయ్, పద. ఒంటిగంటయింది" అన్నారు. పాతికేళ్ళ కాపురంలో ఆయన నాకు తెచ్చిన చీరలన్నీ ఒక ఎత్తు, ఆ మాట ఒక ఎత్తు.

దిగడం సుఖమనుకునేవాళ్ళు మంచులో దిగి చూడాలి. ఎక్కేటప్పుడు కొండ ముఖానికి ఎదురుగా ఉంటుంది, పడినా చేతుల మీదే పడతాం. దిగేటప్పుడు కళ్ళెదుట ఉండేది లోయ. మడమ ముందు గుచ్చి, మోకాలు కొంచెం వంచి, ఒళ్ళు వెనక్కి వాల్చకుండా దిగమన్నాడు గైడు. మనిషి సహజంగా వెనక్కే వాలతాడు, అప్పుడే కాళ్ళు ముందుకి పోతాయి. మా తోడికోడలు మూడుసార్లు, మావాడు రెండుసార్లు కూలబడ్డారు. జారుడుబల్లలా జారుకుంటూ పోదామని కూర్చోబోయిన మావాణ్ణి గైడు కాలరు పట్టుకుని లేపాడు. ఆ మంచు కింద రాళ్ళున్నాయో, అంచుందో పై నుంచి తెలియదు. రెండు దాటేసరికి మబ్బు దిగి చంద్రశిలని పూర్తిగా మూసేసింది. నేనేం అనలేదు. ఎవరూ ఏం అనలేదు.

మూడు వందల మీటర్లు దిగేసరికి అమ్మాయి తలనొప్పి సగం తగ్గింది. చోప్తాలో తెరిచి ఉన్న ఒకే ఒక్క ధాబాలో మ్యాగీ అడిగి రెండు ప్లేట్లు తింది. అంతా మామూలైపోయింది కదా, ఇంక వ్యాసం దేనికంటారేమో. నా బాధంతా ఆ తర్వాత మొదలైంది.

ఆ రాత్రి మావాడు ఎవరితోనూ మాట్లాడలేదు. ఇంటికొచ్చాక ఫ్రెండ్సుకి ఫోన్లో చెబుతుంటే విన్నాను: "చెల్లి వల్ల ఆగిపోయాం రా, లేకపోతే టాప్ కొట్టేసేవాళ్ళం." మా మరిది అందరికీ చెప్పేదీ అదే, కాస్త మర్యాదగా. మా అత్తగారికీ అదే చేరింది. ఒక బంధువుగారైతే, "మన పూర్ణ పదమూడేళ్ళకే ఎవరెస్టు ఎక్కింది, నువ్వు గుడి దగ్గరే ఆగిపోయావేంటే" అని పిల్లనే అడిగారు. ఆవిడకి చెప్పవలసింది ఆవిడకి చెప్పాను. నిజామాబాద్ జిల్లా మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కినమాట నిజం, అప్పటికి పధ్నాలుగేళ్ళు నిండలేదు. కానీ ఆ పిల్ల భువనగిరి రాతిగుట్ట మీద మొదలుపెట్టి డార్జిలింగ్‌లో, లడఖ్‌లో నెలల తరబడి శిక్షణ పొందింది. ఎప్పుడు ఎక్కాలో, ఎప్పుడు ఆగాలో చెప్పేవాళ్ళ చేతుల్లో ఎక్కింది. సెలవులకి విమానమెక్కి వచ్చిన మా అమ్మాయికీ ఆమెకీ పోలికేంటి? శిక్షణా అనుభవమూ ఉన్నవాళ్ళనైనా కొండ అన్నిసార్లూ వదలదు. 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల శిఖరాలూ ఎక్కిన మన నెల్లూరు జిల్లా మల్లి మస్తాన్ బాబు 2015లో ఆండీస్ పర్వతాల్లో చనిపోయాడు. ఆయన్ని వేలెత్తి చూపడానికి నేనెంతదాన్ని? అంతటివాడికే అలా అయితే మనం గడియారం చూసుకోవద్దా అంటున్నాను, అంతే.

నా అభ్యంతరం ఆ "వల్ల" మీద. "చెల్లి వల్ల ఆగిపోయాం" అన్న వాక్యంలో కర్త ఎవరు, దోషం ఎవరిది? ఆ పిల్ల చేసిందల్లా తలనొప్పి వస్తే తలనొప్పి వచ్చిందని చెప్పడం. నిజానికి అదీ నేనడిగాకే చెప్పింది. కిందికి దిగుతూ గెయిటరు సర్దుకునే నెపంతో వంగి ఏడ్చింది. "నేను చెప్పకపోతే అన్నయ్య వెళ్ళేవాడు కదమ్మా" అంది. ఆ మాటకి నాకు కాళ్ళు చల్లబడ్డాయి, మంచుకి కాదు. ఇలాంటి "వల్ల"లు నాలుగు చెవిన పడితే, ఈసారి తలనొప్పొస్తే నోరు మూసుకుంటుంది. నువ్వుండ తిన్నట్టు నటిస్తుంది. ఎత్తుకి తలలోనో ఊపిరితిత్తుల్లోనో నీరు చేరితే ప్రాణమే పోతుంది. దాచిన తలనొప్పిని పట్టించుకోకుండా ఇంకా పైకి పోతే ఆ ప్రమాదం పెరుగుతుంది. అంటే మనం సరదాకి అనే మాట ఇంకోసారి ఇంకో కొండ మీద పిల్ల ప్రాణం మీదికి తేవచ్చు.

కొండ దాకా ఎందుకు, ఇళ్ళల్లో చూస్తూనే ఉన్నాం కదా. పెళ్ళి పనుల్లో జ్వరం దాచుకుని తిరిగే ఇల్లాళ్ళు, గుండెలో నొప్పిని గ్యాసని చెప్పే మగవాళ్ళు, ర్యాంకు రాదేమోనన్న బెంగని నవ్వుతో కప్పే పిల్లలు. అందరికీ ఒకటే జంకు, నా వల్ల పని ఆగిందంటారేమోనని.

మావాడితో నేను పోట్లాడలేదు. వాక్యం మాత్రం మార్చమన్నాను. "చెల్లి వల్ల ఆగిపోయాం" కాదు, "ఒంటిగంటయింది, దిగాం". జరిగింది కూడా అదే. పిల్లకి తలనొప్పి రాకపోయినా ఒంటిగంటకి దిగవలసిందే, పొద్దున అందరం ఒప్పుకున్నాం. వాడు "వ్యాకరణం క్లాసా అమ్మా" అని విసుక్కున్నాడు. విసుక్కోనీ. మా మరిది మాత్రం వాక్యం మార్చలేదు. ఆయనతో నేను వాదించను, ఈసారి ఆయనతో కొండకి వెళ్ళను.

ఇప్పుడు మావాడు కాలేజీ ఫ్రెండ్సుతో ఫిబ్రవరిలో కేదార్‌కంఠ వెళతానంటున్నాడు. అదీ మంచే, 3,800 మీటర్ల పైన. మావారు డబ్బులకి నన్నడగమన్నారట. వంటింట్లోకి వచ్చి నిలబడ్డాడు. శిఖరం నాడు వెనక్కి తిరిగే టైము ఎంతని అడిగాను. చెప్పాడు. ఎంతమంది గైడులని అడిగాను. పన్నెండుమందికి ముగ్గురన్నాడు. మీలో ఒకడికి తలనొప్పొస్తే ఏం చేస్తారన్నాను. ఒక గైడు వాడితో దిగుతాడని చెప్పి, కాసేపాగి, "నేను కూడా" అన్నాడు. వాడి చేతికి నువ్వులు చెరగమని చేట ఇచ్చి, డబ్బులు వెయ్యమని మావారికి హాల్లోకి కేక వేశాను.